మొహమాటానికి ఒక ఎలుగుబంటి

పోయిన నవంబరులో, థాంక్స్‌గివింగ్‌కి ముందు వచ్చే శనివారం నాడు, నేను ఎలుగుబంటి వేటకి వెళ్ళాను. ఈ వాక్యం తెలుగులో రాస్తుంటే నాకే వింతగా ఉంది. చిన్నప్పుడు మా పెరట్లో కోడిని కోస్తుంటే లోపలికి పారిపోయేవాణ్ణి. ఇప్పటికీ కోడికూర తింటాను కానీ కొయ్యడం చూడలేను. అలాంటివాడు వేటకి ఎందుకు వెళ్ళాడు, వెళ్ళి ఏం చేశాడు, చేసినదాని గురించి ఇప్పుడేమనుకుంటున్నాడు అన్నదే ఈ వ్యాసం. ముందే ఒక మాట. నా చేతిలో తుపాకీ లేదు. ఆ మాట చెప్పుకుని ఊరట పొందుదామని కొన్నాళ్ళు ప్రయత్నించాను. కుదర్లేదు.

మేముండేది పెన్సిల్వేనియాలో, కొండల మధ్య ఒక చిన్న ఊళ్ళో. మాకు రెండిళ్ళ అవతల ఒక పెద్దాయన ఉంటారు. డెబ్భై నాలుగేళ్ళు. ఇనప కార్ఖానాలో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఆ మోతకి ఎడమ చెవి దాదాపుగా పోయింది. మా అమ్మాయి పుట్టినప్పుడు మేం ఆసుపత్రిలో ఉండగా బాగా మంచు పడింది. పసిపిల్లతో తిరిగొచ్చేసరికి మా ఇంటి ముందు మంచంతా ఎవరో తవ్వి, మెట్ల మీద ఉప్పు కూడా చల్లి పెట్టారు. ఎవరో తెలుసుకోడానికి నేనే నాలుగిళ్ళు అడగాల్సి వచ్చింది. ఆయన తనంతట తను చెప్పలేదు. అప్పటినుంచి పదేళ్ళలో ఆయన మాకు చేసిన సాయాలు లెక్కపెడితే చాలా ఉంటాయి. నేను చేసినవి లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు.

ఆయన వేటగాడు. పన్నెండేళ్ళ వయసులో వాళ్ళ నాన్నతో మొదలుపెట్టారట. ఏటా ఒకే గుంపు, ఒకే కొండ, అడవిలో ఒకే చెక్క కేబిన్. పదకొండేళ్ళుగా ఆయనకి ఎలుగు పడలేదు. సెప్టెంబరులో ఒకరోజు కంచె దగ్గర నిలబడి, "నా మోకాళ్ళు ఇంకో ఏడాది కొండెక్కనిస్తాయన్న నమ్మకం లేదు. ఈసారి నువ్వు కూడా రా" అన్నారు. నాకు కాదనడానికి నోరు రాలేదు. ఊరికే చూడ్డానికి వస్తానన్నాను.

ఊరికే చూడ్డం అనేది లేదట. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం వేట అంటే కాల్చడం ఒక్కటే కాదు. తరమడం, జాడ తియ్యడం, మాటు వెయ్యడం, ఇంకొకరి వేటకి సాయపడటం, అన్నీ వేటే. కాబట్టి నేను కూడా వేటగాళ్ళ శిక్షణ క్లాసు ఆన్‌లైన్లో పూర్తిచేసి, మామూలు లైసెన్సు, దానిపైన ఎలుగు లైసెన్సు కొన్నాను. తుపాకీ మాత్రం పట్టనన్నాను. "నీ ఇష్టం" అన్నారాయన. సాయపడేవాడు కూడా వేటగాడే అన్న ఆ నిర్వచనం చదివినప్పుడు, ఇదేదో లైసెన్సుల డబ్బు కోసం రాసుకున్న తిరకాసు అనుకున్నాను. ఇప్పుడలా అనుకోవడం లేదు.

* * *

నిజానికి ఎలుగుబంటి నాకు కొత్త కాదు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. పలాస అంటే జీడిపప్పు గుర్తొస్తుంది కదా, ఆ చుట్టుపక్కల. ఉద్దానం పేరు ఈమధ్య పేపర్లో వస్తే కిడ్నీ జబ్బుల గురించే వస్తోంది. మా చిన్నప్పుడు మాత్రం ఉద్దానమంటే తోటలు. కొబ్బరి, జీడిమామిడి, పనస. పగలు కూడా చీకటిగా ఉండేవి. ఆ చీకట్లో ఎలుగులు ఉండేవి. జీడిపళ్ళకీ, పనసపళ్ళకీ, చెదపుట్టలకీ వచ్చేవి. తోటకి వెళ్ళేవాళ్ళు గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్ళాలని, ఒంటరిగా వెళ్తే కర్రతో చెట్ల మీద కొడుతూ వెళ్ళాలని మాకు అఆలు రాకముందే నేర్పారు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా చిన్నాన్న తెల్లవారుజామున జీడిపిక్కలు ఏరడానికి ఒక్కడే వెళ్ళాడు. వంగి ఏరుకుంటున్నాడు. అదీ చూడలేదు, ఆయనా చూడలేదు. మన ఎలుగు దగ్గరగా మనిషి ఎదురైతే పారిపోదు, మీద పడుతుంది. పడితే మొహం మీదే పడుతుంది. చిన్నాన్నకి ఎడమ కన్ను, ఎడమ దవడ పోయాయి. అప్పటికి పెళ్ళి కాలేదు, తర్వాతా కాలేదు. ఇప్పటికీ పెళ్ళిళ్ళకి వస్తే పందిట్లో ఎడమవైపు చివర, గోడకి ఆనుకుని కూచుంటాడు. అక్కడైతే వచ్చేపోయేవాళ్ళకి కుడి చెంపే కనపడుతుంది.

2022 జూన్‌లో మా వైపే, వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర, ఒక ఎలుగు ఒక మనిషిని చంపింది. మరునాడు ఇంకొందరి మీద పడి గాయపరిచింది. అటవీశాఖ వాళ్ళు మత్తిచ్చి పట్టుకున్నారు కానీ అది బతకలేదు. ఆ వార్త చూసి నేను మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో, "పాపం, మూగజీవి. అడవులు నరికేస్తే అవి మాత్రం ఎక్కడికి పోతాయి?" అని రాశాను. అందులో తప్పేమీ లేదు, నిజమే రాశాను. కానీ ఆ మాటకి ఒక్కరు కూడా బదులివ్వలేదు. గ్రూపులో చిన్నాన్న కూడా ఉన్నాడన్న సంగతి నాకు రాత్రి పడుకోబోయేముందు గుర్తొచ్చింది.

కొండల్లోకి వెళ్ళినవాడు ఈ సామానంతా వెంటబెట్టుకుని వెళ్ళాడని మీకు తెలియాలి.

* * *

పెన్సిల్వేనియా ఎలుగు వేరే జాతి. అమెరికన్ నల్ల ఎలుగు. మన ఎలుగు తరతరాలుగా పులితో కలిసి బతికింది కాబట్టి ఎదురుతిరగడం నేర్చుకుందనీ, ఇది చెట్లెక్కి తప్పించుకుంటూ బతికింది కాబట్టి పారిపోవడం నేర్చుకుందనీ చెప్తారు. మనిషి అలికిడి వినగానే ఇది తప్పుకుంటుంది. ఇందులో ఒక తమాషా ఉంది. మీద పడే ఎలుగుని మన దేశంలో వేటాడకూడదు. 1972 వన్యప్రాణి చట్టంలో అది మొదటి షెడ్యూల్లో ఉంది. మనుషులకి ప్రాణాపాయంగా మారిందని రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి అధికారి రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప మామూలుగా దాన్ని వేటాడటానికి లేదు. పారిపోయే ఎలుగుని ఇక్కడ లైసెన్సు కొనుక్కుని చంపొచ్చు.

ఇక్కడివాళ్ళు వేటాడే పద్ధతికి కూడా నియమాలున్నాయి. కుక్కల్ని వాడకూడదు. ఎర పెట్టకూడదు. నారింజ రంగు చొక్కా, టోపీ వేసుకోవాలి. కాబట్టి గుంపుగా వెళ్ళి తోలుతారు. మౌంటెన్ లారెల్ అని ఒక పొద ఉంటుంది, ఈ రాష్ట్రపు పువ్వు దానిదే. నడుం ఎత్తు, తల ఎత్తు పెరిగి, కొమ్మలు మెలికలు తిరిగి అల్లుకుపోతుంది. ఎలుగులు పగలు అందులో పడుకుంటాయి. సగం మంది వరసగా ఆ పొదల్లోంచి అరుచుకుంటూ నడుస్తారు. మిగతా సగం అవతల మాటు వేసి నిలబడతారు.

మేం పద్నాలుగు మందిమి. మోకాళ్ళ వల్ల పెద్దాయన నిలబడేవాళ్ళలో ఉన్నారు. నన్ను తన పక్కన, ఎడమవైపు కాస్త వెనగ్గా నిలబెట్టుకున్నారు. "అటువైపు నాకు వినపడదు. నువ్వే నా చెవి" అన్నారు నవ్వుతూ. నేనూ నవ్వాను.

పొద్దున్న రెండుసార్లు తోలారు. మొదటిసారి ఏమీ రాలేదు. రెండోసారి రెండు జింకలు వచ్చి, మమ్మల్ని చూసి ఆగి, దూకుతూ పోయాయి. మధ్యాహ్నం చల్లారిన శాండ్‌విచ్‌లు తిన్నాం. ఆయన తన థర్మాస్‌లో కాఫీ నాకు పోసి మూతతో తను తాగారు. ఆకులు రాలిపోయిన ఓక్ చెట్లు, వాటి కింద రాలిన కాయలు, ఎండ ఉన్నా కరగని పల్చటి మంచు. ఏమీ చెయ్యకుండా, ఏమీ మాట్లాడకుండా నాలుగు గంటలు అడవిలో నిలబడటం నా జీవితంలో అదే మొదలు. ఒక స్థితి వస్తుంది. చెట్టు మీద ఉడుత కదిలితే అది మన ఒంట్లో కదిలినట్టు ఉంటుంది. వేటగాళ్ళు దీనికోసమే వెళ్తారంటే నేను నమ్ముతాను.

మూడోసారి తోలినప్పుడు, రెండు దాటాక, ఎడమవైపు నుంచి వచ్చింది.

పరిగెత్తుకుంటూ వస్తుందనుకున్నాను. నడిచి వచ్చింది. దూరంగా మనుషులు అరుస్తుంటే విసుక్కుని లేచి వస్తున్నట్టు వచ్చింది. అరవై గజాలుంటుంది. పొదల అంచు దాటి ఆగి ముక్కు పైకెత్తింది. ఒళ్ళంతా నలుపు, మూతి మాత్రం గోధుమ రంగు. ఆకుల మీద దాని అడుగుల చప్పుడు నాకు వినపడింది. ఆయనకి వినపడలేదు. ఆయన కుడివైపు చూస్తున్నారు.

నాలుగైదు సెకన్లు ఉండొచ్చు. ఆ కొండ మీద ఆ ఎలుగు అక్కడుందని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేనేమీ చెయ్యకపోతే అది ఇంకో పది అడుగులు వేసి వాలులోకి దిగిపోతుంది. ఎవరికీ తెలియదు. నేను ఆయన భుజం తట్టి వేలితో చూపించాను.

ఒక్కటే దెబ్బ. ఎలుగు ఇరవై గజాలు పరిగెత్తి పడిపోయింది. ఆయన వెంటనే దగ్గరికి వెళ్ళలేదు. పది నిమిషాలు ఆగాలన్నారు. ఆ పది నిమిషాలూ ఆయన చేతులు వణుకుతూనే ఉన్నాయి. తర్వాత వెళ్ళి, టోపీ తీసి, దాని వీపు మీద చెయ్యి వేసి, మోకాళ్ళ నొప్పి మర్చిపోయి నేలమీద కూచున్నారు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. అవి నటన కాదు. నా చెయ్యి పట్టుకుని "నువ్వు లేకపోతే ఇది జరిగేది కాదు" అన్నారు. కృతజ్ఞతతో అన్నారు.

ఇన్ని నెలలుగా నా బుర్రలో తిరుగుతున్నది ఆ వాక్యమే.

* * *

ఇక్కడ చంపిన ప్రతి ఎలుగునీ 24 గంటల్లోగా తనిఖీ కేంద్రానికి తీసుకెళ్ళాలి. అక్కడ తూకం వేస్తారు, ఒక చిన్న పన్ను పీకుతారు. చెట్టుకి వలయాలున్నట్టే పంటికీ ఉంటాయి, వాటిని బట్టి వయసు చెప్తారు. మాది ఆడ ఎలుగు. అక్కడున్న జీవశాస్త్రజ్ఞురాలిని, కడుపుతో ఉందా అని అడిగాను. ఆమె ఓపిగ్గా చెప్పింది. ఇవి ఎండాకాలంలో జతకడతాయట, కానీ పిండం వెంటనే నాటుకోదు. చలికాలం వచ్చేదాకా ఆగుతుంది. తల్లి ఒంట్లో చాలినంత కొవ్వుంటే అప్పుడు నాటుకుంటుంది, లేకపోతే లేదు. జనవరిలో గుహలో ఈనుతుంది, మామూలుగా మూడు పిల్లలు. "కాబట్టి కడుపుతో ఉందనీ చెప్పలేను, లేదనీ చెప్పలేను" అంది.

ఆ రాత్రి కేబిన్లోంచి సిగ్నల్ దొరికే చోటుకి నడిచి వెళ్ళి చిన్నాన్నకి ఫోన్ చేశాను. ఎందుకు చేశానో నిజాయితీగా చెప్పాలి. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. 2022లో గ్రూపులో రాసినదానికి ఇది పరిహారం అవుతుందని కూడా ఎక్కడో అనుకుని ఉంటాను.

"ఏట్రా, ఎలుగునా?" అన్నాడు. ఎంత గొడ్డు, ఏం తింటాది, కొవ్వు ఎంత పట్టింది అని అడిగాడు. అన్నీ చెప్పాను. తర్వాత, "నీ మీద పడిందేటి?" అన్నాడు.

"లేదు చిన్నాన్నా."

"ఆ ముసిలాయన మీద పడిందా?"

"లేదు. దాని దారిన అది పోతోంది."

కాసేపు ఏమీ అనలేదు. "మరెందుకు సంపినారు?" అన్నాడు.

నిష్ఠూరంగా అనలేదు. ఆయనకి ఎలుగుల మీద ప్రేమేమీ లేదు. తన మీద పడ్డదాన్ని ఆరోజు ఎవరైనా చంపి ఉంటే ఒక్క క్షణం కూడా బాధపడి ఉండేవాడు కాదు. తెలియక అడిగాడు, అంతే. నేను అటవీ నిర్వహణ, సంఖ్య, మాంసం, సంప్రదాయం అని ఏదేదో చెప్పాను. "ఓహో" అన్నాడు. అంత చెప్పాక కూడా అడిగినదానికి జవాబు చెప్పలేదని నాకే తెలుస్తోంది.

* * *

ఆ జవాబులు అబద్ధాలు కావు. ఒక్కొక్కటీ తీసుకుని చూద్దాం.

సంఖ్య సంగతి. ఇక్కడ ఎలుగులు తగ్గిపోయి 1970లోనూ, మళ్ళీ 1977, 1978లోనూ వేట పూర్తిగా ఆపేశారు. తర్వాత జాగ్రత్తగా పెంచుకుంటూ వచ్చారు. 2019లో ఒక్క ఏడాదిలో 4,653 ఎలుగుల్ని వేటగాళ్ళు చంపారు, అది రికార్డు. అయినా జాతికి ముప్పు రాలేదు. వన్యప్రాణుల్ని చూసుకునే ఆ శాఖ ఖర్చుల్లో వేటగాళ్ళు కట్టే లైసెన్సు డబ్బు కూడా ఉంటుంది. తుపాకుల మీద, తూటాల మీద వసూలు చేసే ప్రత్యేక పన్ను కూడా 1937 నాటి చట్టం ప్రకారం వన్యప్రాణుల పనికే వెళ్తుంది. వాట్సాప్‌లో "పాపం" అని రాసే నాబోటివాడు ఎలుగులకి ఇచ్చింది ఏమీ లేదు. వాటిని చంపే పెద్దాయన అరవయ్యేళ్ళుగా ఇస్తున్నారు. ఇది ఒప్పుకోవాల్సిందే.

కానీ ఇది ప్రభుత్వం వేటని ఎందుకు అనుమతిస్తోంది అన్న ప్రశ్నకి జవాబు. నేను వేలు ఎందుకు ఎత్తాను అన్నదానికి కాదు. ఒక పద్ధతికి ఉండే కారణం వేరు, ఒక పనికి ఉండే కారణం వేరు. ఆ నాలుగు సెకన్లలో నేను రాష్ట్రంలో ఎలుగుల సంఖ్య గురించి ఆలోచించలేదు. లెక్కల్లో వేల ఎలుగులుంటాయి. నా ఎదురుగా ముక్కు పైకెత్తి నిలబడింది ఒక్కటే.

మాంసం సంగతి. ఆయన దేన్నీ వృథా చెయ్యలేదు. కొవ్వు కరిగించి సీసాల్లో పెట్టారు, ఆవిడ దాంతో ఆపిల్ పై చేస్తారు. ఓక్ కాయలు తిని అడవిలో తిరిగిన ఎలుగు బతుకు, నేను సూపర్‌మార్కెట్‌లో ప్లాస్టిక్ పొరలో చుట్టి కొనుక్కునే కోడి బతుకుకంటే వెయ్యిరెట్లు మేలు. చావు కూడా మేలే. ఇదీ ఒప్పుకోవాల్సిందే. అయితే ఇంకోచోట ఇంతకంటే పెద్ద తప్పు చేస్తున్నానని తేలడం వల్ల ఇది ఒప్పయిపోదు. పైగా ఆ రోజు కొండ మీద ఆకలితో ఉన్నవాళ్ళెవరూ లేరు.

వేటలో ఆనందం సంగతి. స్పెయిన్ తత్వవేత్త ఒర్టేగా ఇ గాసెత్ 1942లో వేట గురించి ఒక పెద్ద వ్యాసం రాశాడు. వేటగాడు చంపడం కోసం వేటాడడు, అది నిజమైన వేట కావడం కోసం చంపుతాడు అన్నది ఆయన వాదన సారాంశం. చంపే అవకాశం లేకపోతే అడవిలో తిరగడం షికారే అవుతుంది తప్ప వేట కాదు. నాలుగు గంటలు నిలబడి చూశాను కాబట్టి ఆయన చెప్పినదాంట్లో నిజముందని నాకు తెలుసు. కానీ ఆ లెక్కన చూసినా చంపే అవకాశం ఉంటే చాలు, చంపి తీరాలని లేదు. పెద్దాయన పదకొండేళ్ళు ఏమీ దొరక్కుండానే వేటాడారు. నేను నోరు మూసుకుని ఉంటే ఆరోజు పన్నెండో వేట అయ్యేది. వేట వేటగానే ఉండేది.

ఇక నేను చెప్పడానికి ఇష్టపడనిది, చిన్నాన్న మొహం. ఆ నలుపు పొదల్లోంచి బయటికి వచ్చినప్పుడు నాకు కనిపించింది పెన్సిల్వేనియా ఎలుగేనా, లేక తొమ్మిదేళ్ళవాడు భయపడ్డ ఎలుగా? కాదని చెప్పలేను. అవునని కూడా గట్టిగా చెప్పలేను. ఒకవేళ అదే నిజమైతే నేను చేసింది మరీ అన్యాయం. వేరే ఖండంలో, వేరే జాతి, ఎవరి జోలికీ పోనిది, మా చిన్నాన్న కంటికి లెక్క అప్పజెప్పింది.

వాలి గుర్తొచ్చాడు. చెట్టుచాటు నుంచి బాణం తగిలి పడిపోయి, నేను నీకేం చేశాను, నా చర్మం నీకు పనికిరాదు, నా మాంసం నువ్వు తినవు, మరెందుకు చంపావు అని అడుగుతాడు. చిన్నాన్న అడిగిన ప్రశ్నే. వాల్మీకి రాముడు అతనికి చాలా జవాబులిస్తాడు. తమ్ముడి భార్యని తీసుకున్నావు కాబట్టి శిక్షించాను అంటాడు. సుగ్రీవుడికి మాటిచ్చాను అంటాడు. రాజులు మృగాల్ని చాటునుంచి కూడా వేటాడతారు, నువ్వు మృగానివి అంటాడు. దీనిమీద మనవాళ్ళు ఎంతో కాలంగా వాదించుకుంటున్నారు, నేను తీర్పు చెప్పేవాణ్ణి కాను. నాకు తట్టిన సందేహం ఒక్కటే. ఒక్క కారణం సరిపోయి ఉంటే అన్ని కారణాలెందుకు? నేను కూడా ఆ రాత్రి ఫోన్లో నాలుగు కారణాలు చెప్పాను.

* * *

నా అసలు కారణానికి తెలుగులో ఒక మాట ఉంది. మొహమాటం. ఇంగ్లీషులో దీనికి సరైన మాట నాకింతవరకు దొరకలేదు. భయం కాదు, ప్రేమా కాదు, మర్యాద ఒక్కటే కాదు. ఎదుటివాడి మొహం చిన్నబోతే చూడలేకపోవడం. ఆయన నాకు కాఫీ పోశారు. పదేళ్ళ కింద మంచు తవ్వారు. "నువ్వే నా చెవి" అన్నారు. ఇండియానుంచి వచ్చిన ఈ మెత్తటి మనిషి చూసి కూడా చెప్పలేదన్న నింద పడకూడదు. నీలాపనింద పోగొట్టుకోడానికి ఎలుగు అడుగుజాడలు పట్టుకుని గుహదాకా వెళ్ళినవాడి కథ మనం ఏటా వినాయక చవితికి చదువుకుంటాం. కృష్ణుడికి కనీసం నింద పడ్డాక వెళ్ళాల్సి వచ్చింది. నేను పడకముందే జాగ్రత్త పడ్డాను.

మొహమాటానికి పోతే కడుపైందని సామెత. నవ్వుకోడానికే వాడతాం. నాకీమధ్య అది నవ్వులాటగా తోచడం లేదు. మొహమాటానికి అప్పులిస్తాం, సంతకాలు పెడతాం, పెళ్ళి సంబంధంలో కట్నం మాట వచ్చినప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తాం, ఆఫీసులో ఒకడి ఉద్యోగం తీసేసే మీటింగులో తల ఊపుతాం. ఆ పనులు చేసేవాళ్ళు వేరే ఉంటారు. మనం భుజం తడతాం, అంతే.

మనుస్మృతిలో నేను ఒప్పుకోలేనివి చాలా ఉన్నాయి. కానీ మాంసం గురించి చెప్పేచోట ఒక జాబితా ఉంది. జంతువుని చంపినవాళ్ళు ఎవరెవరు అన్న జాబితా. కోసినవాడు, చంపినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు, ఎనిమిది మందిని లెక్కపెడుతుంది. ఆ జాబితాలో మొదటి పేరు వీళ్ళెవరిదీ కాదు. అనుమంత. అంటే సరే అన్నవాడు. పెన్సిల్వేనియా చట్టం రాసినవాళ్ళు మనుస్మృతి చదివి ఉండరు. అయినా సాయపడినవాడు కూడా వేటగాడే అన్న చోటుకి వాళ్ళూ వచ్చారు.

మా అమ్మాయి పక్కలో ఒక టెడ్డీ బేర్ ఉంటుంది. దాని కథ చాలామందికి తెలుసు. 1902 నవంబరులో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీలో ఎలుగు వేటకి వెళ్ళాడు. హోల్ట్ కాలియర్ అనే నల్లజాతి వేటగాడు, ఒకప్పుడు బానిసగా బతికినవాడు, ఒక ఎలుగుని పట్టి చెట్టుకి కట్టేసి అధ్యక్షుణ్ణి పిలిపించాడు. కట్టేసినదాన్ని కాల్చడం వేటగాడి లక్షణం కాదని రూజ్‌వెల్ట్ కాల్చనన్నాడు. వాషింగ్టన్ పోస్ట్‌లో కార్టూన్ వచ్చింది, దాన్ని చూసి బ్రూక్లిన్‌లో ఒక దుకాణదారు బొమ్మ కుట్టాడు, దానికి ఆయన పేరు పెట్టారు. కథ ఇక్కడ ఆపేస్తారు. అప్పటికే దెబ్బలు తిన్న ఆ ఎలుగుని, బాధ తీరేలా చంపెయ్యమని ఆయనే చెప్పాడు. కత్తితో చంపారు. చెయ్యనని చెప్పినవాడి పేరు నూట ఇరవయ్యేళ్ళుగా పిల్లల పక్కల్లో ఉంది. ఆయన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు, దెబ్బతిన్నదాన్ని అలా వదిలెయ్యడం ఇంకా క్రూరం. కానీ చేతికి మట్టి అంటకపోతే మనసుకీ అంటలేదని నమ్మడం ఎంత తేలికో ఆ బొమ్మని చూసినప్పుడల్లా అనిపిస్తోంది.

* * *

జనవరిలో పెద్దాయన మాకు రెండు కిలోల మాంసం తెచ్చిచ్చారు. బాగా ఉడికించమని, పచ్చిగా ఉంటే పురుగు జబ్బు వస్తుందని మరీ మరీ చెప్పారు. మా ఆవిడ ముట్టుకోనంది. నేను ఉల్లిపాయలు, అల్లంవెల్లుల్లి, మిరియాలు వేసి మూడు గంటలు ఉడకబెట్టి తిన్నాను. తినకుండా పారేస్తే పవిత్రుణ్ణయిపోతానన్న ఆశ నాకు లేదు. ఆ జాబితాలో ఎలాగూ మొదటివాణ్ణి, చివరివాణ్ణి కూడా అయ్యాను. రుచి బాగానే ఉంది. అది కూడా రాయకపోతే అబద్ధమవుతుంది.

తర్వాతొకరోజు ఆయనతో చెప్పేశాను. మీకోసం చూపించాను, నాకు ఇష్టమై కాదు, అప్పటినుంచీ మనసు బాగాలేదు అన్నాను. ఆయన నొచ్చుకుంటారనుకున్నాను. కంచె మీద చెయ్యి వేసి కాసేపు ఆలోచించారు. "నువ్వు ఊపిరి బిగబట్టినప్పుడే నాకు తెలిసింది, అటువైపు ఏదో వచ్చిందని. నువ్వు చెప్తావా లేదా అని ఆగాను" అన్నారు. "చెప్పకపోతే?" అని అడిగాను. "చెప్పకపోతే ఇంటికి వచ్చేవాళ్ళం. నీ ఎలుగు కదా అది, నువ్వు చూశావు."

అంటే ఆయన మొహం చిన్నబోయేది కాదు. ఏ మొహం కోసమైతే నేను వేలు ఎత్తానో, ఆ మొహం ఎదురుగా లేనే లేదు. నేనే ఊహించుకున్నాను. అరవయ్యేళ్ళుగా చంపుతున్న మనిషి ఆ ఎలుగుని నా నిర్ణయానికి వదిలేస్తే, చంపడం చూడలేని నేను దాన్ని ఆయన మీదికి తోసేశాను.

పోయిన ఆదివారం చిన్నాన్నకి ఫోన్ చేశాను. వానల గురించి, కొత్తగా వేసిన కొబ్బరి మొక్కల గురించి మాట్లాడుకున్నాం. పెట్టేసేముందు, "నువ్వప్పుడు ఎందుకు సంపినారని అడిగావు కదా, గుర్తుందా? మొహమాటానికి చిన్నాన్నా" అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. "ఎలుగుకేటి తెలుస్తాదిరా నీ మొగమాటం" అన్నాడు.

ఈ నవంబరుకి మళ్ళీ రమ్మని పెద్దాయన అడిగారు. మోకాళ్ళు ఇంకా పనిచేస్తున్నాయట. వస్తానన్నాను. లైసెన్సు కొంటాను, ఆయన ఎడమవైపే నిలబడతాను. ఏదైనా వస్తే ఏం చెయ్యాలో మాత్రం, కొండెక్కకముందే, కాఫీ పొయ్యకముందే ఆయనకి చెప్పేస్తాను.